మూపురం ఉన్న ఎద్దు

హ్యూస్టన్‌లో రోడియో అని గుర్రాల, ఎద్దుల స్వారీ పోటీలు, రాత్రి పాట కచేరీలు జరుగుతాయి. మనవాళ్లకి రోడియో అంటే మార్చి నెల ట్రాఫిక్, పిల్లలకి కార్నివాల్. నాకు మాత్రం కోడీ జాన్సన్ పాట. ఆయన ఈ టెక్సాస్ మనిషే. కుర్రతనంలో ఎద్దులెక్కాడు, హంట్స్‌విల్ జైల్లో గార్డుగా పనిచేశాడు, తర్వాత పాటలోకి వచ్చాడు. ఆఫీసుకి పోతూ వస్తూ ఐ-10 హైవే మీద ఇరుక్కున్నప్పుడల్లా నాకు తోడు ఆ గొంతే.

2020లో కోవిడ్ వల్ల మార్చి 11న రోడియోని మధ్యలోనే ఆపేశారు. 2021లో అసలు జరగలేదు. మళ్లీ మొదలైన 2022 ఫిబ్రవరి 28న, మొదటి రాత్రే ఆయన కచేరీ. సోమవారమైనా సరే, సెలవు పెట్టి వెళ్లాను.

స్టేడియం చుట్టుపక్కల పార్కింగ్ రేట్లు చూసి ఒళ్లు మండింది. ఫానిన్ సౌత్ స్టేషన్‌లో కారు పెట్టి రైలెక్కాను. లోపల ఒక టర్కీ కోడి కాలుకి చెల్లించిన డబ్బుతో ఇంట్లో అందరికీ బిర్యానీ వచ్చేది. ఆకలి మీదున్నాను, కొన్నాను. ఉప్పు ఎక్కువైంది.

ఇక్కడ ముందు రోడియో, తర్వాతే పాట. గుర్రాలు, తాళ్లతో దూడల్ని పట్టడం అన్నీ చూస్తున్నానుగానీ మనసంతా పాట మీదే ఉంది. ఐదారేళ్ల పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని గొర్రెల్ని కావలించుకుని స్వారీ చేసేటప్పుడు మాత్రం అందరితో పాటు నేనూ లేచి నిలబడ్డాను. ఒక పాప గొర్రె మెడ దగ్గర ఉన్ని రెండు గుప్పిళ్లా పట్టుకుని, పడిపోయాక కూడా వదల్లేదు.

చివర్లో ఎద్దుల స్వారీ. గేటు తెరుచుకుంది. బూడిద రంగు ఎద్దు ఒక్క ఉదుటున బయటికి దూకింది. దాని వీపు మీద మూపురం! కింద గంగడోలు అటూ ఇటూ ఊగుతోంది. ఎక్కినవాడు ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఉంచాలి. అది ఎద్దుకి తగిలితే మార్కులుండవు. ఎనిమిది సెకన్లు నిలవాలి. వాడు మూడు సెకన్లకే మట్టిలో ఉన్నాడు. నేను వాణ్ణి చూడనే లేదు. ఆ మూపురాన్నే చూస్తున్నాను.

పక్క సీట్లో ఒక పెద్దాయన, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. పశువుల మనిషి. "దాన్లో బ్రామర్ రక్తం ఉంది" అన్నాడు. బ్రాహ్మన్ జాతిని ఇక్కడి రైతులు అలాగే అంటారు. ఇక్కడి ఎండకీ పిడుదులకీ తట్టుకునేవి కావాలని మన దేశపు పశువుల్ని తెచ్చి కలిపితే పుట్టిన జాతి అది. గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ, నెల్లూరు అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆయన 'నెలోర్' అంటుంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. మన ఒంగోలు జాతినే బయట ఆ పేరుతో పిలుస్తారు. మాది నరసరావుపేట దగ్గర, మా నాన్న ఆ ఎడ్లనే పెంచాడని చెప్పాను. ఆయన చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. మార్కుల లెక్క కూడా ఆయనే చెప్పాడు: వందలో యాభై మనిషికి, యాభై ఎద్దుకి.

తర్వాత నక్షత్రం ఆకారంలో ఉన్న వేదిక మట్టి మధ్యకి వచ్చి తిరగడం మొదలైంది. కోడీ జాన్సన్ పాడాడు. రెండేళ్ల తర్వాత అంతమంది ఒకే గొంతుతో అందుకుంటే నా ఒళ్లు జలదరించింది. కుర్రతనంలో ఎద్దులెక్కిన మనిషి, ఇప్పుడే ఎద్దులు తొక్కిన మట్టి మీద నిలబడి పాడుతున్నాడు. ఇన్నాళ్లూ ఆ పాటలు ఎందుకంత దగ్గరగా అనిపించాయో అప్పుడు తెలిసింది.

రైలు ప్లాట్‌ఫాం మీదే ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ మర్నాడు పొద్దున, మహాశివరాత్రి. నాన్న కోటప్పకొండకి బయలుదేరుతున్నాడు. వెనక ఎవరో ప్రభల గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చుని బండలాగుడు పందేలు చూసేవాణ్ణి. మైకులో అడుగుల లెక్క చెబుతుంటే మా ఎడ్ల వంతు రాగానే నాన్న నా కాళ్లు గట్టిగా పట్టుకునేవాడు.

ఎద్దు సంగతంతా చెప్పాను.

"ఎద్దుకీ సగం మార్కులా?" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు. "మేత ఏం వేస్తారంటరా దానికి?"

పెద్దాయన్ని అది అడగలేదు నేను.