వాన్‌టన్ సూప్ తేటగా రావడానికి నాలుగు ఆదివారాలు

ఉద్యోగం కోసం హాంకాంగ్ వచ్చినప్పటి నుంచి వారానికి రెండుసార్లైనా వాన్‌టన్ సూప్ తాగుతున్నాను. వాన్‌టన్లంటే రొయ్యలు, కైమా కూరి మడిచిన పల్చటి పిండి రేకులు. ఇంట్లో చేయబోతే మాత్రం నాలుగు ఆదివారాలు పట్టింది.

మొదటిసారి అన్నీ ఒకే గిన్నెలో వేశాను. పంది ఎముకలు కుతకుతా ఉడికించి, వాన్‌టన్లు, నూడుల్స్ అందులోనే పడేశాను. సూప్ గంజిలా తయారైంది. కింది అంతస్తులో ఉండే పెద్దావిడకు చూపించాను. ఆవిడను అందరం పోపో అంటాం, మన అమ్మమ్మ అన్నట్టే. గిన్నెలోకి ఓసారి చూసి, "వచ్చే వారం ఎండుచేప తీసుకురా" అంది.

డాయ్ దెయ్ యూ అంటారు దాన్ని. అట్టముక్కలా పల్చగా ఉంటుంది. ఇక్కడి షెంగ్ వాన్ ప్రాంతంలో ఎండుసరుకుల కొట్లున్న వీధిలో కొన్నాను. పోపో దాన్ని సన్నని సెగ మీద, అంచులు ఎర్రబడేదాకా కాల్చింది. ఆ వాసనకు కాకినాడలో మా అమ్మ ఎండు మెత్తళ్లు వేయించే మధ్యాహ్నాలు కళ్లముందుకొచ్చాయి.

ఎముకల్ని ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, కడిగి, మళ్లీ మంచినీళ్లు పోయాలి. కాల్చిన చేప, రొయ్యల తలలు వేసి మూడు గంటలు. నీళ్లు తెర్లకూడదు. తెర్లితే కొవ్వు నీళ్లలో కలిసిపోయి సూప్ పాలలా మారిపోతుంది. గిన్నె అంచున చిన్న బుడగలు లేస్తుంటే చాలు. రెండో ఆదివారం ఫోన్ మాట్లాడుతూ మంట తగ్గించడం మర్చిపోయాను, అంతా పోయింది. మూడోసారి టెన్షన్‌తో స్టవ్ దగ్గరే కుర్చీ వేసుకుని, నురగ తీస్తూ కూర్చున్నాను. ఆరోజు సూప్ కుదిరింది కానీ వాన్‌టన్ల రేకులు నీళ్లలో విడిపోయాయి. అంచు సరిగ్గా తడపలేదు.

లోపలి కూరుకి రొయ్యల్ని ఉప్పు, చిటికెడు వంటసోడా పట్టించి, చల్లటి నీళ్ల ధార కింద బాగా కడగాలి. అప్పుడే కొరికితే కరకరలాడతాయి. కైమాని ఒకే వైపుకు, జిగురొచ్చేదాకా కలపాలి. పోపో రేకును అరచేతిలో పెట్టుకుని, కూరు పెట్టి, వేళ్లు ముడుస్తుంది, అంతే. అంచులు తోకలా వదులుగా ఉంటాయి. ఉడికేటప్పుడు ఆ తోక నీళ్లలో ఊగుతుంటే గోల్డ్‌ఫిష్ ఈదుతున్నట్టే ఉంటుంది. ఇక్కడి భాష కాంటనీస్‌లో వాన్‌టన్ రాసే అక్షరాలకు మబ్బును మింగడం అని అర్థం. ఆ తోకలు చూశాక ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో అనిపించింది.

వాన్‌టన్లు, నూడుల్స్ వేరే నీళ్లలోనే ఉడకాలి. పిండి అక్కడే వదిలిపోతుంది. తర్వాత గిన్నెలో అడుగున స్పూన్, దాని మీద నాలుగు వాన్‌టన్లు, ఆపైన నూడుల్స్. స్పూన్ ఎత్తు వల్ల నూడుల్స్ సూప్‌లో మునిగి నానిపోవు.

నాలుగో ఆదివారం సూప్ పోశాక గిన్నె అడుగున ఉన్న నీలం పువ్వు కనిపించింది. పోపో తెల్ల మిరియాల పొడి చల్లుకుని, మాట్లాడకుండా చివరి చుక్కదాకా తాగింది. తర్వాత ఒక రొయ్యను కొరికి, "నీళ్ల కింద ఇంకాసేపు ఉంచాలి" అంది.