లక్షణాలు లేనంత మాత్రాన వ్యాధి అణగినట్టేనా?

మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపొరలో వాపు, పుండ్లు వచ్చే దీర్ఘకాలిక వ్యాధి) అని తేలిన నాటి నుంచి వంటింటి క్యాలెండరే వాడి వ్యాధి చరిత్ర. ఏ తేదీ గడిలో ఎన్ని పెన్సిలు గీతలుంటే ఆ రోజు అన్ని విరేచనాలు; రక్తం కనబడితే పక్కన ఎర్ర చుక్క.

ఈ లెక్క చిన్నది కాదు. ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు 1955లో సూచించిన కొలమానం ప్రకారం, రోజుకు ఆరు లేదా అంతకు మించి రక్తవిరేచనాలు అవుతూ, వాటికి తోడు నాడి నిమిషానికి 90 దాటడం, జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ మించడం, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 10.5 గ్రాముల కంటే తగ్గడం, ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష ఈఎస్ఆర్ గంటకు 30 మిల్లీమీటర్లు దాటడం వంటి వాటిలో ఒక్కటి ఉన్నా దానిని తీవ్రమైన దాడిగానే పరిగణించి ఆసుపత్రిలో చేర్చుకుంటారు.

అయితే మొన్న సంక్రాంతికి క్యాలెండరులో ఒక్క ఎర్ర చుక్కా లేదు, వాపు ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ కూడా మామూలుగానే ఉంది. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ మాత్రం గ్రాముకు 400 మైక్రోగ్రాములు దాటింది. తెల్ల రక్తకణాలు పేగు గోడలోకి చేరినప్పుడు పెరిగే ఈ ప్రొటీను 250 మించితే వాపు ఉందని బలంగా అనుమానించాలి. ఇన్ఫెక్షన్ వల్లనూ, కొన్ని నొప్పి మాత్రల వల్లనూ అది పెరగవచ్చు కనుక, డాక్టరుగారు ముందుగా ఆ రెండింటినీ విచారించి, ఆ తరువాతే ఎండోస్కోపీ చేశారు. తెర మీద పేగు లోపొర ఎర్రగా కంది ఉంది, గొట్టం తాకిన చోటల్లా రక్తం చిమ్మింది.

"బాగానే ఉన్నాను కదా అక్కా" అన్నాడు వాడు. ఆ సాయంత్రమే మందు మోతాదు పెంచారు.