ట్రాయ్‌లో ఎవరి మాట నమ్మాలి?

తుర్కియేలోని చనక్కలే ఊరి నుంచి ట్రాయ్‌కి మినీ బస్సులో 30 కిలోమీటర్లు. పొలాల మధ్య దిగి లోపలికి నడిస్తే ముందుగా పలకరించేది చెక్క గుర్రమే, ట్రోజన్ యుద్ధంలో గ్రీకులు లోపల దాక్కుని ట్రాయ్‌లోకి చొరబడ్డారని చెప్పే గుర్రం. 1970ల్లో పర్యాటకుల కోసం చేసి పెట్టారు. ముందు రోజు సాయంత్రం చనక్కలే ఒడ్డున ఇంకోటి చూశాను, అది 2004 నాటి హాలీవుడ్ సినిమాలో వాడిన గుర్రం. తమాషా ఏమిటంటే, ఆ యుద్ధం మీద గ్రీకు కవి హోమర్ చెప్పిన ఇలియడ్‌లో గుర్రం కథే రాదు. ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ఆ కావ్యం అయిపోతుంది. గుర్రం సంగతి హోమర్‌దే అయిన ఒడిస్సీలో కొద్దిగా, రోమన్ కవి వర్జిల్ దగ్గర బోలెడంత.

ట్రాయ్ శిథిలాలున్న హిసార్లిక్ దిబ్బ చూడగానే నాకు నిరాశే కలిగింది. పదేళ్ల యుద్ధం, వెయ్యి ఓడలు అని విని వెళ్లాను కదా! కోట మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకి 200 మీటర్లు ఉంటుందేమో. మనం పాటిదిబ్బ అంటామే, అదే. ఊరు కూలిన చోటే మళ్లీ ఊరు కట్టుకుంటూ పోతే దాదాపు 3,000 ఏళ్లకు పైగా పేరుకున్న తొమ్మిది పొరలు. ఏ గోడ ఏ పొరదో చెప్పే బోర్డులు లేకపోతే నాకు అన్నీ రాళ్లే.

దిబ్బను నడిమికి చీల్చిన పెద్ద కందకం దగ్గర ఒక గైడ్ తన గుంపుకి కథ చెబుతున్నాడు. నేనూ వెనక చేరాను. 1873లో ఇక్కడ తవ్వుతున్న జర్మన్ హైన్రిష్ ష్లీమాన్‌కి బంగారం కనబడిందట. కూలీలకు తెలియకుండా వాళ్లను టిఫినుకు పంపేశాడట. భార్య సోఫియా ఆ నగలన్నీ శాలువాలో మూటగట్టి మోసుకెళ్లిందట. ష్లీమాన్ రాసుకున్న కథే ఇది. కానీ ఆ రోజుల్లో సోఫియా ఏథెన్స్‌లో ఉంది. ఆ సంగతి ఆయనే తర్వాత ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. పైగా కావ్యంలోని ట్రాయ్ రాజు పేరు పెట్టి ఆయన 'ప్రియామ్ నిధి' అన్నది కింద నుంచి రెండో పొరది. ట్రోజన్ యుద్ధం జరిగిందనుకునే కాలానికి వెయ్యేళ్లు ముందుది! ప్రియామ్ కోసం తొందరపడి తవ్వుతూ, ఆ కాలపు పొరల్నే చాలాచోట్ల తవ్వి పారేశాడు. ఈ దిబ్బే ట్రాయ్ అని ఆయనకు నచ్చజెప్పిన, అంతకుముందే ఇక్కడ తవ్విన ఫ్రాంక్ కాల్వర్ట్‌కు దక్కిన పేరు తక్కువే.

హోమర్ మాటల్ని జల్లెడ పడదామని వెళ్లినవాణ్ని. తీరా చూస్తే, దేవతలున్న కావ్యం కన్నా డైరీ రాసుకున్న మనిషే ఎక్కువ టెన్షన్ పెట్టాడు. కావ్యం తాను కావ్యమనే చెప్పుకుంటుంది.

మరి యుద్ధం? ఏడో పొర మొదటి దశ క్రీ.పూ. 1180 ప్రాంతంలో తగలబడింది. వీధుల్లో మనుషుల ఎముకలు దొరికాయి. ఇళ్లలో నేలలోకి పాతిన నిల్వ జాడీలు బయటపడ్డాయి. ముట్టడికి సిద్ధపడ్డ ఊరని, తర్వాత ఇక్కడ తవ్విన పురావస్తు శాస్త్రవేత్త కార్ల్ బ్లేగెన్ అనుకున్నాడు. తగలబెట్టింది ఎవరో మాత్రం బూడిద చెప్పదు. ఆ కాలంలో ఇప్పటి తుర్కియే ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ల మట్టి పలకల్లో 'విలూసా' అనే రాజ్యం, దాని రాజు 'అలక్సందు' పేరు ఉన్నాయి. విలూసా అంటే ఇలియోస్, అంటే ట్రాయే అని ఎక్కువమంది పండితుల మాట. కథలో హెలెన్‌ను ఎత్తుకొచ్చి యుద్ధానికి కారణమైన ట్రాయ్ రాకుమారుడు పారిస్‌కి ఇంకో పేరు అలెగ్జాండ్రోస్. చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. అయితే ఆ పలకల్లో హెలెన్ లేదు, పేరు కలిసింది కాబట్టి మనిషి కూడా దొరికాడనుకోలేం.

గుంపు కదిలాక గైడ్‌ని అడిగాను: "సోఫియా అప్పుడు ఏథెన్స్‌లో ఉందటగా?"

నవ్వాడు. "తెలుసండీ. కానీ శాలువా కథ చెబితేనే జనం ఎండలో నిలబడతారు."

ఏమంటాను? నేనూ నిలబడి విన్నవాణ్నే.