పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ బ్యాచ్‌లు పోనుపోను ఎందుకు నెమ్మదిస్తున్నాయో దొరికింది

మొత్తానికి దొరికింది! ఇంట్లో సెన్సార్ల డేటా అంతా రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న బోర్డు కంప్యూటర్) మీద పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోకి పోతోంది, ట్యాంకులో నీటి మట్టం, మోటారు తీసుకునే కరెంటు, గదుల్లో వేడి ఇలా ఆరు సెన్సార్లు. ఒక్కో దానికి పది సెకన్లకో రీడింగు అంటే రోజుకి 51,840 రికార్డులు, రెండేళ్లకి 3.78 కోట్లు. చివరి 90 రోజులు ఉంచి మిగతాది బ్యాచ్‌లుగా, అంటే కొన్ని వేల రికార్డుల చొప్పున తీసెయ్యాలి, అదీ రీడింగులు రాసే స్క్రిప్టు ఆగకుండా.

ఇదే డేటా ల్యాప్‌టాప్‌లో వేరే డేటాబేస్‌లలో కూడా వేసి చూశా. మైఎస్‌క్యూఎల్‌లో ప్రైమరీ కీ (ప్రతి రికార్డునీ విడిగా గుర్తించే కాలమ్) మీద ఆర్డర్ బై, ఎన్ని తీయాలో చెప్పే లిమిట్ పెడితే హాయిగా పోయింది. ఎస్‌క్యూలైట్‌లో రోఐడీలు (రికార్డు నంబర్లు) సబ్‌క్వెరీతో తెచ్చి తీసేశా. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డిలీట్ టాప్ 4000, ఎందుకంటే 5000 లాకుల దగ్గర టేబుల్ మొత్తానికి లాక్ పడిపోయే ప్రమాదం ఉంది. ఈ మూడూ ఓకే.

పోస్ట్‌గ్రెసే ఏడిపించింది. డిలీట్‌కి నేరుగా లిమిట్ ఇవ్వడం కుదరదు కాబట్టి టైమ్ ఇండెక్స్ (టైమ్ ప్రకారం త్వరగా వెతికే సూచిక) మీద పాతవి 5000 సీటీఐడీలు, అంటే రికార్డు డిస్క్ మీద ఉన్న చోటు చెప్పే నంబర్లు తెచ్చి, ఎర్రేలో పెట్టి తీసేస్తున్నా, ప్రతి బ్యాచ్‌కీ వేరే కమిట్. మొదటి బ్యాచ్ 90 మిల్లీసెకన్లు. 400వది 1.4 సెకన్లు! మధ్యలో గంతులేం లేవు, గ్రాఫ్ గీస్తే తిన్నగా పైకి ఏటవాలు గీత.

ముందు వేడి అనుకున్నా, చూస్తే 58 డిగ్రీలే, 80 దాకా రాస్ప్‌బెర్రీ పై తన వేగం తగ్గించుకోదు. తర్వాత చెక్‌పాయింట్ (మెమరీలోని మార్పులన్నీ డిస్క్‌కి రాసే పని) అనుకుని, మార్పుల లాగ్ పరిమితి అయిన మ్యాక్స్ వాల్ సైజు 1 జీబీ నుంచి 4 జీబీ చేశా, అక్కడక్కడా వచ్చే కుదుపులు పోయాయి గానీ గీత అలాగే ఎక్కుతోంది. అలర్ట్స్ టేబుల్ నుంచి ఫారిన్ కీ (ఈ టేబుల్ రికార్డుని చూపించే లంకె) ఉంది కదా, దాని మీద ఇండెక్స్ లేకపోతే తీసే ప్రతి రికార్డుకీ ఆ టేబుల్ మొత్తం వెతుకుతుంది, కానీ ఇండెక్స్ ఉంది.

అప్పుడు క్వెరీ ఎలా నడిచిందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌లో బఫర్స్ (చదివిన పేజీల లెక్క) పెట్టి చూస్తే విషయం బయటపడింది. లోపలి ఇండెక్స్ స్కాన్ మొదటి బ్యాచ్‌లో 70 బఫర్లు చదివితే, 400వ దాంట్లో 25 వేలు దాటింది. అంటే అప్పటికే తీసేసిన 20 లక్షల చచ్చిన రికార్డుల మీదుగా ప్రతిసారీ మొదటి నుంచి నడిచి వస్తోంది. మామూలుగా ఒకసారి అలా తగిలిన ఇండెక్స్ ఎంట్రీకి చచ్చిందని గుర్తు పెట్టేసి తర్వాతి స్కాన్‌లో టేబుల్ దాకా పోకుండా దాటేస్తుంది, మరి ఇక్కడెందుకు పెట్టట్లేదు? చచ్చిన రికార్డుల్ని ఊడ్చే వ్యాక్యూమ్‌ని వర్బోస్‌తో కొడితే చచ్చినవే గానీ ఇంకా తీయడానికి వీల్లేదు అని చూపించింది. పీజీ స్టాట్ యాక్టివిటీలో బ్యాకెండ్ ఎక్స్‌మిన్ (ఏ కనెక్షన్ ఎంత పాత డేటాని పట్టుకుందో చెప్పేది) చూస్తే, అదే టైమ్‌లో పెన్‌డ్రైవ్ మీదకి నడుస్తున్న పీజీ డంప్ బ్యాకప్! దాని స్నాప్‌షాట్ (మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో ఆ చూపు) తెరిచి ఉన్నంతసేపూ ఆ పాత రికార్డులు దానికి కనిపించాలి కాబట్టి ఎవరూ ముట్టుకోలేరు. డంప్ అయ్యాక మళ్లీ నడిపితే 400వ బ్యాచ్ 180 మిల్లీసెకన్లు.

ఆ మిగిలిన ఏటవాలు కూడా పోవాలంటే ప్రతి బ్యాచ్‌లోనూ, తీసిన రికార్డుల్ని తిరిగిచ్చే రిటర్నింగ్‌తో చివరి టైమ్ పట్టుకుని, తర్వాతి బ్యాచ్ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఒకే సెకనులో రెండు మూడు సెన్సార్లు రాస్తాయి కాబట్టి కేవలం ఎక్కువ అని కాకుండా ఎక్కువ లేదా సమానం అని పెట్టా. ఇప్పుడు చివరిదాకా 90 మిల్లీసెకన్ల దగ్గరే నిలబడింది, గీత చూస్తే ఎంత ఆనందంగా ఉందో! డంప్ నడుస్తున్నా సరే ఈ పద్ధతే వాడమంటా. టేబుల్‌లో ఎంత వంతు చచ్చాక వ్యాక్యూమ్ దానంతటదే నడవాలో చెప్పే ఆటోవ్యాక్యూమ్ స్కేల్ ఫ్యాక్టర్ డిఫాల్ట్ 0.2 అంటే మన టేబుల్‌కి 75 లక్షలు చచ్చేదాకా అది లేవదు, ఇంత పెద్ద టేబుల్‌కి అది అసలు సరిపోదని నా గట్టి అభిప్రాయం, ఈ ఒక్క టేబుల్‌కి 0.01 చేశా.

ఇంకోటి మిగిలింది, డిస్క్ మీద సైజు తగ్గలేదు. పాత రికార్డులు ఫైల్ ముందు భాగంలో ఉన్నాయి, మామూలు వ్యాక్యూమ్ చివర ఖాళీ అయిన పేజీలనే సిస్టమ్‌కి తిరిగిస్తుంది. టేబుల్‌ని కొత్తగా సర్ది రాసే పీజీ రీప్యాక్ ట్రై చేస్తా గానీ టేబుల్, ఇండెక్సులు కలిపిన సైజుకి రెండింతల ఖాళీ జాగా ఎస్‌ఎస్‌డీలో ఉందో లేదో ముందు చూడాలి. ఆ తర్వాత నెలకో పార్టిషన్ (టేబుల్‌లో విడి ముక్క) చేసేస్తా, పాత నెలని డ్రాప్ చేస్తే చాలు, బ్యాచ్‌ల గొడవే ఉండదు. కానీ ఆ అలర్ట్స్ ఫారిన్ కీ అడ్డమొస్తుంది, పార్టిషన్ చేసిన టేబుల్‌కి ప్రైమరీ కీలో టైమ్ కాలమ్ కూడా ఉండాల్సిందే కాబట్టి అలర్ట్స్‌లో కూడా టైమ్ చేర్చాలి. ముందు ల్యాప్‌టాప్‌లో ఒక్క సెన్సార్ డేటాతో మొదలుపెడుతున్నా.