రాధామనోహరానికి కత్తెరే ఎరువు

ఆరేళ్ల క్రితం కడియం నర్సరీల నుంచి జానెడు రాధామనోహరం మొక్కను తెచ్చి గేటు పక్కన నాటినప్పుడు, దానికి రెండు వెదురు బొంగులు, ఒక నైలాను తాడు సరిపోతాయని అనుకున్నాను. రెండో వానాకాలానికే ఆ బొంగులు తీగ బరువుకు విరిగిపోయాయి. ఇప్పుడది ఇనుప గొట్టాల పందిరి మీదుగా మేడ ఎక్కి పిట్టగోడను కప్పేసింది.

కాకర తీగకు ఉన్నట్టు దీనికి నులితీగలు ఉండవు. ఆకులు రాలిన తరువాత వాటి కాడల మొదళ్లు గట్టిపడి, కొమ్మపై వంపు తిరిగిన ముళ్లలా మిగిలిపోతాయి. వాటి ఆసరాతోనే తీగ పైకి పాకుతుంది. కత్తిరించిన ప్రతిసారీ నా మోచేతులు గీసుకుపోవడానికి కారణం ఇవేనని ఆలస్యంగా తెలిసింది.

మొదటి రెండేళ్లు నెలనెలా పశువుల ఎరువు, దానితోపాటు గుప్పెడు యూరియా వేశాను. నత్రజని ఎక్కువై ఆకు దట్టంగా పెరిగింది గాని, పూలగుత్తులు వేళ్లపై లెక్కపెట్టేటన్ని మాత్రమే వచ్చాయి. అది చూసిన మా పెద్దమ్మ, "దానికి తిండి తగ్గించి కత్తెర పెట్టరా" అన్నారు. ఈ తీగకు పూలు కొత్త చిగుళ్ల కొసలకే వస్తాయి కనుక, ముదురు కొమ్మలను మమకారంతో ఉంచుకున్నంత కాలం పూత తగ్గుతూనే ఉంటుంది. అప్పటి నుంచి ఏటా మాఘమాసంలో నాలుగైదు ప్రధాన కాండాలను మాత్రం ఉంచి, పక్కకొమ్మలను రెండు మూడు కణుపుల వరకు కత్తిరిస్తున్నాను. వారం పాటు పందిరి బోసిగా కనిపిస్తుంది. ఎండలు ముదిరేసరికి గుత్తులు వేలాడతాయి. అయితే రోజులో ఎక్కువసేపు ఎండ తగలని చోట ఎంత కత్తిరించినా ఫలితం అంతంతమాత్రమే.

సంధ్యవేళ తెల్లగా విచ్చుకున్న పువ్వు మరునాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరుగుతుంది. రాత్రి వచ్చే పెద్ద రెక్కలపురుగులు తమ పొడవాటి తొండంతో సన్నని పూగొట్టం అడుగునున్న తేనెను అందుకుంటాయి. 1762లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి ఖాయం చేసిన క్విస్‌క్వాలిస్ అనే పేరుకు లాటిన్‌లో "ఎవరు, ఎలాంటిది" అని అర్థం. ఒకే గుత్తిలో మూడు రంగులు చూసినవారికి ఆ ప్రశ్న సహజంగానే తోస్తుంది.

వేళ్ల నుంచి లేచే పిలకలతోనే అసలు ఇబ్బంది. మొదలుకు దూరంగా, ఒక్కోసారి గోడ అవతల కూడా మొలుస్తాయి. ఈ వారం ప్రహరీ పక్కన అయిదింటిని వేర్లతో సహా తవ్వి తీశాను. రెండింటిని పక్కింటివారు కుండీలలో పెట్టుకున్నారు, ఇనుప పందిరి ముందుగా వేయించుకోమని మాత్రం చెప్పి ఇచ్చాను.