ఇండెక్స్ స్కాన్ సున్నా ఉందని డ్రాప్ కొట్టేయకండి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఇండెక్సుల (డేటాను త్వరగా వెతికిపెట్టేవి) మీద మానిటరింగ్ పెట్టడానికి అన్ని అధికారాలున్న సూపర్‌యూజర్ అక్కర్లేదు, గణాంకాలు చదవనిచ్చే పీజీ_మానిటర్ రోల్ చాలు. పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్ నుంచి ఐడీఎక్స్_స్కాన్ (ఇండెక్స్‌ని ఎన్నిసార్లు స్కాన్ చేశారో ఆ లెక్క), దానికి తోడు పీజీ_రిలేషన్_సైజ్‌తో ఇండెక్స్ సైజు లాగితే సగం పని అయినట్టే.

ఐడీఎక్స్_స్కాన్ పెరుగుతూ పోయే లెక్క. మానిటరింగ్ టూల్ ప్రోమీథియస్‌లో దాన్ని కౌంటర్‌గా పెట్టి రేట్ (ఎంత వేగంగా పెరుగుతోందో) చూడాలి. సైజు మాత్రం గేజ్, అంటే పెరగొచ్చు, తగ్గొచ్చు. నిమిషానికోసారి స్క్రేప్ చేస్తే (ఈ లెక్కలు లాగితే) సరిపోతుంది. 5 నిమిషాలు దాటిందా, డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో గ్రాఫ్ మధ్య ఖాళీలొస్తాయి.

అసలు జాగ్రత్త సున్నా దగ్గరే. ఐడీఎక్స్_స్కాన్ సున్నా ఉంటే ఇండెక్స్ ఎవరూ వాడట్లేదు, తీసేయొచ్చు అనిపిస్తుంది. ఈ లెక్కలు ఏ సర్వర్‌వి ఆ సర్వర్‌కే. ప్రైమరీ (అసలు సర్వర్)లో సున్నా ఉన్న ఇండెక్స్ రెప్లికా (దాని కాపీ సర్వర్)లో రిపోర్టులన్నీ మోస్తుండొచ్చు, అందుకే రెండు చోట్లా ఎక్స్‌పోర్టర్ (లెక్కలను ప్రోమీథియస్‌కి అందించే ప్రోగ్రామ్) పెట్టాలి. యూనిక్ ఇండెక్స్ డూప్లికేట్లను ఆపే పని స్కాన్‌గా లెక్కలోకి రాదు. పీజీ_స్టాట్_డేటాబేస్‌లో స్టాట్స్_రీసెట్ తేదీ కూడా చూడండి. నిన్న రీసెట్ అయితే ఇవాళ్టి సున్నాకి అర్థం లేదు. వెర్షన్ 16 నుంచి చివరి స్కాన్ ఎప్పుడో చెప్పే లాస్ట్_ఐడీఎక్స్_స్కాన్ అనే కాలమ్ వచ్చింది, నిజంగా మంచి సాయం.

ఇంకో అలర్ట్ తప్పనిసరి: పీజీ_ఇండెక్స్‌లో ఇండిస్‌వ్యాలిడ్ ఫాల్స్ అయినవి, అంటే చెల్లని ఇండెక్సులు. టేబుల్‌లో రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టే క్రియేట్ ఇండెక్స్ కన్‌కరెంట్లీ కమాండ్ మధ్యలో ఫెయిలైతే మిగిలేవి ఇవే. ఏ క్వెరీకీ పనికిరావు, కానీ డేటా రాసినప్పుడల్లా అప్‌డేట్ చేసే భారం మాత్రం పడుతూనే ఉంటుంది.