మా కళాశాలను ఆనుకుని ఉన్న పేట

మద్రాసు ప్రభుత్వ లలిత కళాశాల గురించి పూర్వ విద్యార్థులు వ్రాసేటప్పుడు గురువుల పేర్లతో మొదలుపెట్టి, బహుమతులూ ప్రదర్శనల మీదుగా వచ్చి, ఇక్కడి కళాకారులు కట్టుకున్న చోళమండల్ గ్రామం దగ్గర ఆగడం ఆనవాయితీ. ఆ చరిత్రను ఈ సంచికలో నాకంటె సీనియర్లు నాకంటె బాగా చెబుతారు. నేను మాత్రం కళాశాల ప్రహరీ గోడకు అవతల ఉన్న మనుషుల గురించి, వారికీ మనకూ మధ్య నడిచిన ఇచ్చిపుచ్చుకోవడం గురించి వ్రాయదలచాను. పెరియమేడు, చూలై, కొసపేట, మూర్ మార్కెట్టు లేకపోతే నాకు అబ్బిన ఈ కాస్త విద్య కూడా అబ్బేది కాదని నా అభిప్రాయం.

మన బడి పుట్టుకే బజారు పనితో ముడిపడి ఉంది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జను సొంతంగా ప్రారంభించిన ఈ పాఠశాలను 1852లో ప్రభుత్వం స్వీకరించింది. గోడకు తగిలించే చిత్రాలకంటె ఇటుకలు, పెంకులు, కుండలు, కొయ్యపని వంటి వాడుక వస్తువులను మెరుగుపరచడం మీదనే అప్పట్లో ఎక్కువ దృష్టి ఉండేది. 1898లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరింగు ఆచార్యుడు ఇక్కడి వర్క్‌షాపులోనే అల్యూమినియంతో పాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. రాగి, ఇత్తడి రేకును సుత్తితో సాగదీయడంలో చెయ్యి తిరిగిన పనివారికి ఆ కొత్త లోహం లొంగడం కష్టం కాలేదు. పని గిట్టుబాటు అవుతుందని తేలిన తరువాత కొద్ది ఏళ్లకే అది ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లిపోయింది. మన ఇళ్లలో అన్నం వండుకున్న సత్తు గిన్నెల వంశవృక్షంలో చిత్రలేఖనం నేర్పే బడి ఒకటి ఉందంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

ఆ వరుసలోనే 1903 ప్రాంతంలో ఛాటర్టన్ ఇక్కడ క్రోము పద్ధతిలో తోలు ఊనడం, అంటే పచ్చితోలు పాడవకుండా పదును పెట్టడం, మీద ప్రయోగాలు చేయించాడు. అంతవరకూ దక్షిణదేశంలో తోలు పదును పెట్టేందుకు ప్రధానంగా తంగేడు పట్ట వాడేవారు. ఆ పనికి వారాల కొద్దీ కాలం పట్టేది. క్రోము లవణాలతో అదే పని కొద్ది రోజుల్లో ముగుస్తుంది, తోలు నీటికీ వేడికీ బాగా ఆగుతుంది. మా రోజుల్లో గేటు దాటి పెరియమేడు సందుల్లోకి తిరగగానే తోళ్ల దుకాణాల వాసన ముక్కుకు తగిలేది, మేము జేబురుమాలు అడ్డం పెట్టుకునేవాళ్లం. ఆ వాసనకూ మా బడికీ పాత చుట్టరికం ఉందని ఏ తరగతిలోనూ ఎవరూ మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే జేబురుమాలు తీసేసేవాళ్లమని కాదు గాని, ఆ దుకాణాలలో తోలు కోసే మనుషులను కొంచెం వేరుగా చూసి ఉండేవాళ్లం.

నేను చేరింది 1970ల చివర. మాది సూళ్లూరుపేట వైపు పల్లె. అప్పటికి ఆంధ్ర విడిపోయి పాతికేళ్లు దాటినా నెల్లూరు, చిత్తూరు జిల్లాల పిల్లలకు బొమ్మల చదువంటే మద్రాసే గుర్తొచ్చేది. అందులో వింత లేదు. 1953 వరకూ ఆంధ్ర జిల్లాలకు కూడా ఇదే సర్కారు బడి. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ఈ బడికి మొదటి భారతీయ అధిపతిగా వచ్చిన తరువాత ఆయన దగ్గర చదువుకున్న తెలుగువారిలో విజయనగరం అంట్యాకుల పైడిరాజు ఒకరు. రాయ్ చౌధురి పేరు చెబితే మెరీనాలో 1959లో నెలకొల్పిన శ్రమజీవుల విగ్రహం అందరికీ గుర్తుకు వస్తుంది. నలుగురు మనుషులు బండను పెళ్లగిస్తున్న ఆ శిల్పంలో నడుము వంగిన తీరు, మడమ నేలకు తన్నిపెట్టిన తీరు గ్రీకు విగ్రహాల ప్లాస్టరు నకళ్లను చూసి నేర్చుకోగలిగినవి కావు. వీధిలో బరువులెత్తే మనుషులను కళ్లప్పగించి చూసిన వాడికే అవి దక్కుతాయి.

మా తరగతికి ఆ వీధి మనిషే మోడలుగా వచ్చి కూర్చునేవాడు. చూలై, పెరియమేడు, పుళియంతోపు ప్రాంతాల్లో నగరపాలక సంస్థ పారిశుద్ధ్య పనిలో ఉన్న తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వారిలో పని మానుకున్న ముసలివారు కొందరు గంటల లెక్కన కూలి తీసుకుని మా ముందు కూర్చునేవారు. వారిలో నెల్లూరు వైపు నుంచి చిన్నతనంలోనే వచ్చేసిన ఒక అవ్వ ఉండేది. తమిళంలో మాట్లాడే మా సహాధ్యాయుల మధ్య నా యాస వినగానే పట్టేసి, “ఏ ఊరు నాయనా మీది?” అని అడిగింది. అప్పటినుంచి విరామంలో టీ గ్లాసు పట్టుకుని నా ఈజిల్ పక్కకే వచ్చేది. ఒకసారి నేను శ్రద్ధగా నీడలు దిద్దిన బొమ్మను చాలాసేపు చూసి, “ముక్కు నాదే గానీ చేతులు నాయి కాదు నాయనా. ఇంత నున్నగా ఉంటే రోడ్లు ఎవురు ఊడ్చింది?” అన్నది. వెనకనే ఉన్న మా మాస్టారికి తెలుగు వచ్చు. ఆయన ఆ మాట విని, తరగతి మొత్తాన్నీ ముఖం జోలికి పోకుండా ఆ రెండు చేతులే గీయమన్నారు. చీపురు పట్టు దగ్గర కాయ కాచిన బొటనవేలి మొదలు, ఒకవైపుకు తిరిగిపోయిన చిటికెనవేలు, చర్మం కింద తాళ్లలా లేచిన నరాలు అన్నీ అప్పటివరకూ మా కంటి ముందే ఉండి మాకు కనపడలేదు. ఆ రోజు బొమ్మకు మార్కులు వేసింది మాస్టారే అయినా తప్పు పట్టింది అవ్వ. గోడ అవతలి వారికి కళ పరిచయం చేయాలని ఉపన్యాసాలు విన్నప్పుడల్లా నాకు ఆ మాటే అడ్డం వస్తుంది.

స్కెచ్ పుస్తకాలు నింపుకోవడానికి మాకు రెండు చోట్లు ఉండేవి. ఒకటి పీపుల్స్ పార్కులోని జంతుశాల, రెండోది మూర్ మార్కెట్టు. పాత పుస్తకాల వాళ్లు, గడియారాలు బాగుచేసే వాళ్లు, పక్షులు అమ్మే వాళ్లు మమ్మల్ని చూసీ చూడనట్టు ఊరుకునేవారు. 1985లో జంతుశాల వండలూరుకు తరలిపోయింది, అదే ఏడు మూర్ మార్కెట్టు మంటల్లో పోయింది. ఆ తరువాత చదివిన వారికి ఆ రెండూ లేకపోవడం ఎంత లోటో వారికి తెలిసే అవకాశం కూడా లేదు.

కొసపేట సంగతి వేరు. అది కుమ్మరుల పేట. వినాయక చవితికి విగ్రహాలు, దసరాకు బొమ్మల కొలువు బొమ్మలు అక్కడి నుంచే నగరమంతటికీ వెళ్లేవి. సిరామిక్ విభాగం విద్యార్థులు కొందరు నడిచి వెళ్లి అక్కడ కూర్చునేవారు. పెయింటింగు చదివేవాణ్ణి అయినా నేనూ వారి వెంట వెళ్లేవాణ్ణి. బొమ్మ చేసే పద్ధతి చూడడానికి సులువుగా ఉంటుంది. ముందు సగానికీ వెనక సగానికీ చెరొక అచ్చు ఉంటుంది. కాల్చిన మట్టి అచ్చయితే లోపల సన్నటి బూడిద చల్లి, రొట్టెలా తట్టిన మట్టిని బొటనవేలితో అంచులదాకా ఒత్తి, రెండు సగాలనూ పలచటి మట్టిబురదతో అతికి, అతుకును తడిగుడ్డతో తుడిచేస్తారు. అడుగున చిన్న రంధ్రం వదలకపోతే ఆవంలో బొమ్మ పగులుతుంది. మందం ఎక్కడైనా హెచ్చుతగ్గులైతే ఆరేటప్పుడే మెడ దగ్గర గీత పడుతుంది. ఇవన్నీ మాకు పుస్తకంలో ఉన్నవే. కాని మందం సరిగా ఉన్నదా లేదా అన్నది ఆ పనివాడు బొమ్మను గోటితో కొట్టి, ఆ చప్పుడుతో చెప్పేవాడు. ఆ చెవి మాకు పుస్తకం ఇవ్వలేదు. మా వాళ్లు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చులు పోసి ఇచ్చారు. ప్లాస్టరు నీటిని పీల్చుకుంటుంది కనుక బూడిద అవసరం లేదు, మడతలూ నగలూ స్పష్టంగా పడతాయి. ఆ అచ్చులు వారికి నచ్చాయి. బదులుగా వారు మాకు మట్టి పిసికి పాకం చూడడం నేర్పారు. డబ్బు చేతులు మారలేదు, ఎవరూ ఎవరికీ ఉపకారం చేసినట్టు అనుకోలేదు. నా దృష్టిలో కళాశాలకూ ఇరుగుపొరుగుకూ ఉండవలసిన సంబంధం అదే.

సినిమా బ్యానర్ల దుకాణాల గురించి కూడా ఒక మాట. సెలవుల్లో మాలో కొందరు అక్కడ కూలికి వెళ్లి, గళ్లు గీసి కథానాయకుల ముఖాలను నిలువెత్తుకు పెంచడం నేర్చుకున్నారు. తరగతిలో ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడేవారు. ఆ సిగ్గు అనవసరమని వారికి చెప్పిన ఉపాధ్యాయులు చాలా తక్కువ. తరువాత ఫ్లెక్సీ వచ్చి ఆ దుకాణాలను మూయించింది.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2013లో ఏర్పడిన సంగీత, లలితకళల విశ్వవిద్యాలయం కిందికి మన కళాశాల వచ్చింది. సమాజంతో సంబంధం అనేది ఇప్పుడు నివేదికలలో నింపవలసిన గడి. గడి నింపడానికి అన్నిటికంటె తేలికైన దారి గోడకు రంగులు వేయడం. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ పిలిస్తే సలహాదారుగా నేనూ అటువంటి పనికి వెళ్లాను. సందు పొడుగునా నెమళ్లూ తామరలూ అందంగానే వచ్చాయి. అయితే రంగు వేయడం కోసం గోడకున్న మేకులు పీకించారు. ఇస్త్రీ బండి అతను ఎండకూ వానకూ పట్టా కట్టుకునేది ఆ మేకులకే. అతణ్ణి ఎవరూ అడగలేదు. రెండు నెలల్లో తామరల మధ్య అతను మళ్లీ మేకులు కొట్టుకున్నాడు, నిర్వాహకులు దాన్ని సంస్కార లోపమన్నారు. లోపం మేకు కొట్టిన వాడిదని నాకు అనిపించలేదు.

గోడల బొమ్మలన్నీ వృథా అని నా అభిప్రాయం కాదు. 2020లో కన్నగి నగర్‌లో స్టార్ట్ ఇండియా (St+art India) అనే వీధి చిత్రకళా సంస్థ వారు చిత్రకారులను రప్పించి ఇళ్ల సముదాయాల గోడలకు బొమ్మలు వేయించినప్పుడు, పేరు చెబితేనే ముఖం చిట్లించే ఆ పునరావాస కాలనీకి నగరం చూడడానికి వెళ్లింది. అది చిన్న విషయం కాదు. అయితే నగరం నడిబొడ్డు నుంచి తరలించిన ఆ మనుషులు పనికి వెళ్లడానికి పట్టే బస్సు ప్రయాణం ఆ బొమ్మలతో తగ్గలేదన్నది కూడా అంతే నిజం. బొమ్మ చేయగల పని బొమ్మ చేస్తుంది. దానికి మించినది దాని నెత్తిన పెట్టి నివేదిక వ్రాసినప్పుడే చిక్కు.

ఈ సంచిక కళాశాల పెద్దల చేతికి కూడా వెళుతుంది కనుక, కొన్ని కోరికలు ఇక్కడే వ్రాస్తున్నాను. మోడలుగా కూర్చునేవారికి ఇచ్చే కూలి నగరంలో ఒక రోజు కూలికి తగ్గకుండా చూడాలి. చిత్రం పూర్తయిన రోజున వారిని పిలిచి చూపించి, వారు చెప్పింది వినడం తరగతిలో భాగం కావాలి. సిరామిక్ విభాగం కొలిమిని దసరాకు ముందు కొన్ని వారాలు కొసపేట వారికి తెరిచి పెట్టాలి. వానాకాలంలో ఆవం తడిసి సరుకు పోగొట్టుకునే వారికి దానికంటె పనికివచ్చేది వేరొకటి లేదు. పెరియమేడులో తోలు కోసేవారిలో ఒకరిని, సర్టిఫికెట్టు అడగకుండా, ఒక టర్ము పాటు పాఠం చెప్పడానికి జీతమిచ్చి పిలవాలి. వార్షిక ప్రదర్శనను పనివేళల్లో మాత్రమే తెరిచి, చుట్టుపక్కల వారెవరూ రాలేదని వాపోవడం మానాలి. ఆదివారం పెరియమేడు తోళ్ల దుకాణాలు మూసి ఉంటాయి, ఆ సాయంత్రం గేటు తీసిపెట్టి, బోర్డులు తమిళంతో పాటు తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయిస్తే చాలు. తెలుగు బోర్డులు వ్రాసే పనికి నేను వస్తాను, రంగులు కూడా నేనే తెచ్చుకుంటాను.